కారు ఏసీ చల్లగా రావట్లేదా? గ్యాస్ కొట్టించే ముందు ఇవి చూసుకోండి

మొన్న దాళ్వా కోతలప్పుడు అమ్మని తీసుకుని అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్తున్నామండి, రావులపాలెం దగ్గర ట్రాఫిక్‌లో ఆగిన రెండు నిమిషాలకే ఏసీలోంచి వేడిగాలి మొదలైంది, బండి కదిలితే మళ్ళీ చల్లగా వస్తుంది, ఆగితే మళ్ళీ వేడి. ఆ ఉక్కకి అమ్మ సొమ్మసిల్లినంత పనైంది. షాపుకి తీసుకెళ్తే ఏమీ చూడకుండానే గ్యాస్ అయిపోయిందండి అని 1,800 తీసుకుని కొట్టి పంపించారు, వారం తిరక్కుండా మళ్ళీ అదే. చివరికి తెలిసిన ఎలక్ట్రీషియన్ చూస్తే రేడియేటర్ ఫ్యాన్ రిలే, అంటే ఆ ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే చిన్న స్విచ్ లాంటిది, పోయింది, అంతే. అందుకే ఇదంతా రాస్తున్నాను, ముఖ్యంగా పెద్దవాళ్ళని, పసిపిల్లల్ని ఎక్కించుకుని తిరిగేవాళ్ళ కోసం.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయిపోయేది కాదు, సీలు చేసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటది. కొన్నేళ్ళకి కొద్దిగా తగ్గొచ్చు గానీ ఒక్క ఎండాకాలంలోనే అయిపోయిందంటే ఎక్కడో లీకున్నట్టే, ఆ లీకు పట్టకుండా ఎన్నిసార్లు కొట్టించినా డబ్బులు గాల్లో పోసినట్టే.

మొదట గాలి ఎలా వస్తుందో చూడండి. చల్లగానే ఉంది గానీ గాలి సరిగ్గా రావట్లేదంటే చాలాసార్లు క్యాబిన్ ఫిల్టరే. ఎక్కువ కార్లలో గ్లవ్ బాక్స్ వెనకాల ఉంటది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేకుండా తీసేయొచ్చు. మన రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు కదా, ఆ దుమ్ము, నూగు అంతా పట్టి ఫిల్టర్ నల్లటి పరుపులా తయారవుద్ది. అలా ఉంటే దులిపి మళ్ళీ పెట్టకండి, కొత్తది వేసేయండి. అలాక్కాకుండా గంట సేపు బాగా వచ్చి తర్వాత గాలి తగ్గిపోతుంటే లోపల కూలింగ్ కాయిల్ మీద ఐసు కడుతుందేమో అనుకోవాలి, ఏసీ బటన్ ఆపి బ్లోయర్ మాత్రం పది నిమిషాలు తిప్పండి, గాలి మళ్ళీ వచ్చిందంటే అదే, అప్పుడు మెకానిక్‌కి ఆ ముక్క చెప్పండి.

గాలి జోరుగా ఉండి చల్లదనం లేకపోతే బానెట్ ఎత్తాల్సిందే. బండి ఆరుబయట పెట్టి, న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ ఫుల్లుగా పెట్టండి. రేడియేటర్ ఫ్యాను తిరగాలి, ఆగకుండా కాకపోయినా కాసేపటికోసారైనా తిరగాలి. చెయ్యి మాత్రం దగ్గర పెట్టకండి, అది చెప్పకుండా తిరుగుద్ది, చీర కొంగులు, చున్నీలు కూడా జాగ్రత్త. నాకైనట్టు వెళ్తుంటే చల్లగా, ఆగితే వేడిగా వస్తుంటే మొదటి అనుమానం ఈ ఫ్యాన్ మీదే. ఫ్యూజు చూడండి, ఫ్యూజ్ బాక్స్ మూతలోనే ఏది దేనికో బొమ్మ ఉంటది. అదే నంబర్ ఉన్న రిలే ఇంకోటి, హారన్‌దో ఏదో ఉంటే, ఇంజిన్ ఆపి మార్చి చూడండి, అప్పుడు ఫ్యాన్ తిరిగిందంటే తప్పు రిలేదే. బండి రోజుల తరబడి చెట్టు కింద ఉంటే ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడాలి.

ఫ్యాన్ బాగానే ఉంటే దాని ముందున్న కండెన్సర్, అంటే ఏసీ వేడిని బయటికి పంపే జాలీ లాంటిది, చూడండి. మన ప్రాంతంలో దీన్ని అస్సలు వదలకూడదు. కోతల దుమ్ము, గట్ల మీద మట్టి, రాత్రి లైట్ల వెలుగుకి వచ్చే పురుగులు అన్నీ దాని రెక్కల్లోనే ఇరుక్కుంటాయి, ఇక వేడి బయటికి ఎలా పోద్ది? ఇంజిన్ చల్లారాక మామూలు పైపుతో, నీళ్ళు మెల్లగా పెట్టి కడగండి, మెత్తటి బ్రష్షుతో రెక్కల వెంటే తోమండి, అడ్డంగా వద్దు. సర్వీసింగ్ దగ్గర ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి, వద్దని చెప్పండి. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్ళవాళ్ళు ఇంకా తరచుగా మంచినీళ్ళతో కడుక్కోవాలి, ఆ ఉప్పుకి అల్యూమినియం తినేసి చిల్లులు పడతాయి.

ఇంకో సులువైన గుర్తు, కారు కింద నీళ్ళు. మనకున్న తేమకి ఏసీ పనిచేస్తుంటే పది పదిహేను నిమిషాల్లో కింద చుక్కలు పడాలి. అస్సలు పడట్లేదు, లోపల చల్లదనమూ లేదంటే కాయిల్ చల్లబడట్లేదన్నమాట. చల్లగా ఉండి కూడా నీళ్ళు కింద పడకుండా ముందు సీటు కాళ్ళ దగ్గర మ్యాట్ తడుస్తుంటే డ్రెయిన్ పైపు పూడిపోయినట్టు, అది వేరే సంగతి.

ఇవన్నీ బాగుంటే అప్పుడు గ్యాస్, దాన్ని పైపుల్లో తిప్పే కంప్రెసర్ చూడాలి. పైపుల జాయింట్ల దగ్గర, కండెన్సర్ మీద జిడ్డుగా నూనె మరక ఉంటే లీకు అక్కడే ఉండొచ్చు, గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా బయటికొస్తుంది కాబట్టి. మీరు మాత్రం పైపులు విప్పొద్దు, ఏసీల్లో వాడే ఆర్-134ఎ గ్యాస్ బయటికి రాగానే సున్నాకి 26 డిగ్రీల కింద మరుగుద్ది, అంత చల్లటిది కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

షాపులో నైట్రోజన్ పెట్టి లీకు చూడమనండి, బాగుచేశాక కనీసం అరగంట వాక్యూమ్ పెట్టి పైపుల్లో గాలి, తేమ లాగేయమనండి, పైపుల్లో తేమ ఉండిపోతే కొత్త గ్యాస్ వేసినా లాభం లేదు. గ్యాస్ తూకం ప్రకారమే ఎక్కించాలి, ఎక్కువైనా కూలింగ్ తగ్గుద్ది. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది మామూలుగా బానెట్ లోపల స్టిక్కర్ మీదే ఉంటది, దాన్ని ఫోటో తీసుకుని వెళ్ళండి. తూకం మెషిన్ లేదు, అంచనాగా వేసేస్తాం అంటే బండి తిప్పుకుని ఇంకో షాపుకి వెళ్ళిపోండి.