సరుకుల ఖర్చు పెంచకుండా క్యాంటీన్‌ను సేంద్రియానికి మార్చడం: కోపెన్‌హాగెన్ పద్ధతి

డెన్మార్క్ 1987లోనే సేంద్రియ సాగుకు ప్రత్యేక చట్టం చేసింది. అయితే చట్టం ఉన్నంత మాత్రాన సాగు విస్తరించదు. పంటను ఏటా నమ్మకంగా కొనేవారు ఉండాలి. పసిపిల్లల కేంద్రాలకు, వృద్ధాశ్రమాలకు వండిపెట్టే ప్రభుత్వ వంటశాలలను అలాంటి కొనుగోలుదారులుగా మార్చడానికి డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ నగరం 90 శాతం సేంద్రియ సరుకులను లక్ష్యంగా పెట్టుకుని, సరుకుల బడ్జెట్‌ను పెంచకుండానే దానికి చాలా దగ్గరగా చేరింది. అక్కడ క్యాంటీన్ నడిపేవారెవరైనా ఆ దారిలో నడవవచ్చు.

ముందుగా కొనుగోలు బిల్లులన్నీ దగ్గర పెట్టుకుని, మొత్తం సరుకుల్లో సేంద్రియం ఎంత శాతమో లెక్కగట్టండి. ఆ తరువాత ధరలో తేడా తక్కువగా ఉండే పాలు, ఓట్స్, గోధుమపిండి, బంగాళాదుంపలు, క్యారెట్లు, ఉల్లిపాయలను మార్చండి.

అసలు కష్టం మాంసంతో వస్తుంది. సేంద్రియ కోడిమాంసం, పందిమాంసం మామూలు వాటికన్నా చాలా ఖరీదు కాబట్టి, ఉన్న డబ్బుతోనే సరిపెట్టాలంటే మాంసం పరిమాణం తగ్గించి ఆ స్థానంలో పప్పులు, చిక్కుడుగింజలు, ముడిధాన్యాలు పెట్టాలి. పప్పు లేనిదే ముద్ద దిగని మనవారికి ఇది వింతగా తోచదు గానీ, మాంసం చుట్టూ భోజనాన్ని అల్లుకున్న డేనిష్ వంటవారికి నిజంగా పెద్ద మార్పు; అందుకే నగరం వారి శిక్షణపై ఖర్చు పెట్టింది. నా దృష్టిలో ఆ పథకంలోని అత్యంత వివేకవంతమైన నిర్ణయం అదే. శిక్షణ పొందిన వంటవారు తయారు సరుకులు కొనడం మానేసి రొట్టె, సూప్ స్వయంగా చేస్తారు, చలికాలంలో క్యాబేజీని, దుంపకూరలను వాడుకుంటారు, మిగిలిపోయిన ఆహారాన్ని రోజూ తూచి మరునాటి వంటను సవరించుకుంటారు. అలా ఆదా అయిన సొమ్ముతోనే సేంద్రియ సరుకుల అదనపు ధర భర్తీ అవుతుంది.

సరఫరాదారుతో వీలైనంత దీర్ఘకాలిక ఒప్పందం చేసుకోండి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం ఏకవార్షిక పంటల (ఏటా విత్తి కోసే పంటల) పొలం సేంద్రియంగా మారడానికి కనీసం రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ రైతు తన పంటను సేంద్రియమని అమ్ముకోలేడు కనుక, ముందుగా దొరికిన భరోసా అతనికి ఎంతో విలువైనది.

సేంద్రియ వాటా 30 శాతం దాటాక, వంటశాల ఎంత సేంద్రియమో తెలిపే ప్రభుత్వ భోజన ముద్రకు దరఖాస్తు చేయండి. 30 నుంచి 60 శాతానికి కంచు, 60 నుంచి 90కి వెండి, ఆపైన బంగారు ముద్ర ఇస్తారు. అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు లెక్కలు చూపవలసి ఉంటుంది కాబట్టి, ఒక్క బిల్లు కూడా పారేయకండి.