పాత మారుతి 800లో ఆల్టో ఇంజన్ ఎక్కించడం ఎలా?

1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా వచ్చిన మారుతి 800లు మన వీధుల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. బాడీ గట్టిగా ఉండి ఇంజన్ ఒక్కటే పొగలు కక్కుతుంటే బండిని తుక్కుకి వేయడానికి మనసొప్పదు. అడిగితే చాలామంది ఇంకా పెద్ద కారైన మారుతి ఎస్టీమ్ ఇంజన్ వేయమంటారు. నా మాట వింటే ఆ జోలికి పోవద్దు. ఇంజన్‌ని పట్టుకునే మౌంట్లు కోసి వెల్డింగ్ చేయాలి, పైగా ఆ వేగానికి 800 బ్రేకులు చాలవు. పాత ఆల్టోలోని ఎఫ్8డి ఇంజన్ అయితే అదే 796 సీసీ, అవే మూడు సిలిండర్లు. వాల్వులు మాత్రం 6 కాదు, 12. పవర్ సుమారు 37 నుంచి 46 బీహెచ్‌పీకి పెరుగుతుంది.

పానా పట్టే ముందు ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ఇంజన్ మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా తయారీ స్పెసిఫికేషన్ దాటొద్దని చెప్పింది. అధికారి ఆల్టో ఇంజన్‌కి ఒప్పుకోకపోతే 800 ఇంజనే వేసుకోండి. విప్పి బిగించే పద్ధతి పెద్దగా మారదు. అనుమతి లేకుండా మారిస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ.

బెజవాడ ఆటోనగర్ లాంటి చోట ఇంజన్ ఒక్కటే చవగ్గా దొరుకుతుంది. అక్కడే బోల్తా పడతాం. గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్టులు (చక్రాలను తిప్పే కడ్డీలు), ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్), వైరింగ్ అన్నీ ఒకే బండివి తీసుకోండి. కొన్ని ఆల్టోలకి తాళంలో ఇమ్మొబిలైజర్ ఉంటుంది, ఆ తాళం లేకపోతే ఇంజన్ స్టార్ట్ కాదు. బిల్లు, పాత ఆర్సీ కాపీ తప్పనిసరి. కొనేముందు కంప్రెషన్, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి, చూడండి. మూడు సిలిండర్లూ దగ్గర దగ్గరగా రావాలి.

విప్పేటప్పుడు బ్యాటరీ తీసి, ప్రతి కనెక్టర్‌కీ టేపు అంటించి పేరు రాయండి. చక్రం మధ్యలో ఉండే హబ్ నట్ మాత్రం చక్రం నేల మీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే వదులు చేయాలి. జాకీ ఎక్కించాక దాన్ని కదిలించడం నరకమే. కూలెంట్, గేర్ ఆయిల్ వంపేశాక డ్రైవ్ షాఫ్టులు లాగండి. అయినా ఆ రంధ్రం నుంచి ఇంకొంచెం నల్లటి ఆయిల్ మోచేతి దాకా కారుతుంది, కింద ట్రే పెట్టుకోండి. ఇంజన్, గేర్‌బాక్స్ రెండింటినీ కలిపే, గొలుసుతో పైకి లేపుతారు.

కొత్తది బయట ఉండగానే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు, ఆయిల్ సీళ్లు మార్చేయండి. తర్వాతైతే సగం బండి మళ్లీ విప్పాలి.

మీది కార్బురేటర్ బండి (ఇంజెక్షన్ లేని పాత రకం) అయితే అసలు టెన్షన్ పెట్రోల్ లైన్‌తోనే. ఆల్టో ఇంజన్‌కి దాదాపు 3 బార్ ప్రెషర్ కావాలి. పాత పంపు అందులో పదో వంతు ఇస్తే గొప్ప. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు, ప్రెషర్ తట్టుకునే పైపులు, క్లిప్పులు వేయాలి. పాత రబ్బరు పైపుతో సర్దుకుంటే మంటలకి దారి ఇచ్చినట్టే.

బిగించాక కూలెంట్ నింపి, హీటర్ ఆన్ చేసి, ఫ్యాన్ తిరిగే దాకా యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో ఉంచి గాలి పోనివ్వండి. వంద కిలోమీటర్లు నడిపాక మౌంట్ బోల్టులు, హబ్ నట్లు మరోసారి బిగించండి. కొత్త ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కగానే ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పాలి.