పొద్దు గుంకేలోపు కూలి ఇవ్వడం ఎలా?

మా ఇంటికి రంగులు వేసిన పెయింటర్ అన్న పని ముగించేసరికి సాయంత్రమైంది. నాకేమో ప్రార్థన కూడికకు టైమైపోతోంది. "అన్నా, రేపు వచ్చి తీసుకోండి" అని వెళ్లిపోయాను. మర్నాడు ఆయన వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. మూడో రోజు తలుపు తీస్తే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. గోళ్ల చుట్టూ మా గోడల రంగు ఇంకా పోలేదు. నన్ను చూడగానే, తప్పు చేసింది తనే అన్నట్టు గబగబా లేచి నిలబడ్డారు. నా చుట్టూ తిరిగి ఆ రెండు రోజులూ ఇంకో పనికి వెళ్లలేదట.

ఏనాటి కూలి ఆనాడే, సూర్యుడు అస్తమించక ముందే ఇవ్వాలని బైబిల్లోని ద్వితీయోపదేశకాండము 24:15 చెబుతుంది. పనివాడు బీదవాడు, ఆ కూలి మీదే ఆశ పెట్టుకుని ఉంటాడని కారణం కూడా అక్కడే ఉంది. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది.

పని మొదలుకాక ముందే రేటు మాట్లాడుకోండి. మధ్యలో ఇంకో కిటికీ, ఇంకో గోడ చేర్చితే దానికెంతో అప్పుడే అడగండి. "చూసి ఇస్తాంలే" అనకండి. పని పోతుందేమోనన్న టెన్షన్‌లో ఉన్న మనిషి ఆ మాటకు ఎదురు చెప్పలేడు. డబ్బు ముందు రోజే సిద్ధం చేసుకుని, నగదు కావాలా, ఫోన్‌లో పంపాలా అని వాళ్లనే అడగండి. కొందరి డబ్బు ఇంట్లో ఇంకొకరి ఖాతాలో పడుతుంది, చేతికి రావడానికి మళ్లీ బతిమాలుకోవాలి. ఫోన్‌లో పంపితే, వచ్చినట్టు వాళ్లు చూసుకునేదాకా అక్కడే ఉండండి.

పనిలో లోపముంటే చూపించి సరిచేయించుకోండి. అంతేగాని కోపంతో మొత్తం కూలి పట్టి ఉంచకండి. బిగబట్టిన కూలి మొర పెడుతుందని బైబిల్లోనే యాకోబు పత్రిక 5:4లో ఉంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు భయమేస్తుంది.

మేస్త్రీకి ఇచ్చేశాం కదా అని ఊరుకోకండి. లెక్క తేల్చేటప్పుడు కూలీలందరి ముందే, "వీళ్లకు ఈరోజే ఇస్తారు కదా" అని అడగండి. ఇంట్లో నెల జీతానికి పనిచేసే అమ్మకు మాత్రం ఒక తేదీ ఖాయం చేసుకోండి. మీరు ఊరెళ్లిన రోజులకు జీతం కోయకండి, తాళం వేసుకుని వెళ్లింది మనమే.

చర్చి సంఘంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆఖరి ప్రార్థన అయ్యాక అందరూ ఇళ్లకు వెళ్లిపోతారు, మైక్ సెట్ అబ్బాయి, కుర్చీలు సర్దేవాళ్లు మిగిలిపోతారు. వాళ్ల డబ్బు కవర్లలో పెట్టుకుని చివరిదాకా ఉండే బాధ్యత ముందే ఒకరికి అప్పగించండి. దేవుని పని కదా, తగ్గించుకోమని ఎవరినీ అడగకండి. ఆ తగ్గింపు మన కానుక కాదు, వాళ్ల కూలి.

ఇప్పటికే ఆలస్యం చేసి ఉంటే ఊరికే సారీ చెప్పి వదిలేయకండి. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, యేసును కలిశాక, తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. నేను పెయింటర్ అన్నకు పోయిన రెండు రోజుల కూలి కలిపి ఇచ్చాను.

"వద్దమ్మా, ఇది ఎక్కువ" అన్నారు.

"ఎక్కువ కాదన్నా, మీకు బాకీ" అన్నాను.

లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకోబోతుంటే ఆపాను. మెట్ల మీదే కూర్చుని, ఒక్కో నోటూ లెక్కపెట్టుకున్నారు.