మొహం చూసి బొట్టు పెట్టే అలవాటు మానుకోవడం ఎలా

మన పాత తెలుగు బైబిల్లో యాకోబు పత్రిక, అంటే యాకోబు రాసిన ఉత్తరం, 2వ అధ్యాయం మొదటి వచనం తీసి చూడండి, విశ్వాస విషయంలో "మోమాటము" గలవాళ్ళుగా ఉండొద్దు అని ఉంటుంది. ఇప్పుడు మనం మొహమాటం అంటే సిగ్గుపడటం, వద్దనలేకపోవడం అనుకుంటాం కదా, అక్కడ అర్థం అది కాదు, మొహం చూసి మనిషికి విలువ కట్టడం. ఆ ఉత్తరం మొదట రాసిన గ్రీకులో ఉన్న మాటకి కూడా మూలం మొహమే. అంటే పక్షపాతం మన గుండెలో కంటే ముందు కళ్ళలో మొదలవుద్ది, మనకి తెలిసేలోపే అయిపోద్ది. అందుకే "నేను అందర్నీ ప్రేమిస్తాను" అని అనుకుంటే సరిపోదు, చేతులకీ కాళ్ళకీ నోటికీ కొత్త అలవాట్లు నేర్పాలి. నేను బెంగళూరులో ఒక తెలుగు సంఘంలో, అంటే చర్చిలో, కొన్నేళ్ళుగా గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే పని చేస్తున్నా, నేర్చుకున్నదంతా అక్కడే, ఎక్కువగా తప్పులు చేసి.

ఈ ఊళ్ళో తెలుగు సంఘం అంటే ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్ళకి తెలుసు. ఔటర్ రింగ్ రోడ్డు కంపెనీల్లో పనిచేసే వాళ్ళు, మారతహళ్ళి పీజీల్లో ఉండి ఉద్యోగం వెతుక్కునే పిల్లలు, రేకుల షెడ్లలో ఉంటూ బిల్డింగ్ పనికెళ్ళే రాయలసీమ కుటుంబాలు, తెల్లారకముందే చీపురు పట్టుకుని రోడ్లు ఊడ్చే పౌరకార్మికులు. ఈ నగరం ఊడ్చేవాళ్ళలో చాలామంది తెలుగు మాట్లాడేవాళ్ళేనని చాలామందికి తెలీదు. వీళ్ళందరూ ఆదివారం ఒకే హాల్లో కూర్చుంటారు. యాకోబు రాసిన సీను అచ్చంగా ఇదే, బంగారు ఉంగరం పెట్టుకున్నాయన వస్తే "ఇక్కడ కూర్చోండి" అనడం, మాసిన బట్టల పేదవాడికి "నువ్వక్కడ నిలబడు, లేకపోతే నా కాళ్ళ దగ్గర కూర్చో" అనడం.

ఒక ఆదివారం మూడో వరసలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, ఊడ్చే పని చేసే అమ్మే, పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఉంది, వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. అప్పుడే కార్లో ఒక కుటుంబం దిగింది, మొదటిసారి వచ్చారు. నేను ఆవిడ దగ్గరకెళ్ళి "అమ్మా, కొంచెం వెనక్కి జరుగుతావా" అన్నా. ఆవిడ ఒక్క మాట కూడా అడగలేదు, చెప్పులు వెతుక్కుంటూ లేచింది. ఎందుకు అని అడిగినా నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. ఆ లేవడంలో ఎన్నేళ్ళ అలవాటు ఉందో అప్పుడు చూశా.

కాబట్టి మొదటిది కుర్చీ. ముందు వచ్చినవాళ్ళకి ముందు కుర్చీ, ముసలోళ్ళకి, చంటిపిల్లల తల్లులకి ఫ్యాన్ కింద కుర్చీ, ఇంతే రూలు. ఇంకే కారణానికీ ఎవర్నీ లేపొద్దు, పాస్టర్‌గారి చుట్టాలొచ్చినా సరే.

రెండోది పిలుపు, ఇది తెలుగువాళ్ళకి చాలా పెద్ద విషయం. మన భాషలో "మీరు", "నువ్వు" అని రెండున్నాయి, ఎవరికి ఏది వాడతామో చూసుకుంటే మన పక్షపాతం మొత్తం బయటపడుద్ది. ఐడీ కార్డు వేసుకున్న పాతికేళ్ళ అబ్బాయికి "సర్, రండి కూర్చోండి", యాభై ఏళ్ళ మేస్త్రీకి "ఏమయ్యా, ఇట్రా". రాయలసీమలో "అన్నా, నువ్వు" అని ప్రేమగానే అంటారు, అది తప్పు కాదు, కానీ అంటే ఇద్దర్నీ అలాగే అనాలి. ఒక వారం రోజులు ఎవర్ని ఏమని పిలుస్తున్నామో గమనించుకోండి, వాచ్‌మన్‌ని, పనమ్మాయిని, డెలివరీ అబ్బాయిని కూడా కలిపి. పేరు అడిగి గుర్తుపెట్టుకోండి. రోజూ గేటు తీసే మనిషి పేరు ఏడాదైనా మనకి తెలీకపోతే మనకి ఆయన మనిషిగా కనిపించట్లేదనే కదా.

మూడోది అడగకూడని ప్రశ్న. "మీది ఏ ఊరు?" అంటే పర్లేదు, పరాయి ఊళ్ళో మనవాళ్ళు కనిపిస్తే ఎవరైనా అడుగుతారు. ఆ తర్వాత "ఇంటిపేరేంటి? ఊళ్ళో ఏ వైపు?" అని వస్తుంది చూడండి, అది ఎందుకో అడిగినవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. కులం తెలుసుకోడానికే. బాప్తిస్మం తీసుకుని ఇరవై ఏళ్ళయినా ఈ ప్రశ్న వదలని వాళ్ళున్నారు. క్రీస్తులో అందరూ ఒక్కటే అని చెప్పే గలతీ 3:28 వచనం గోడకి వేలాడదీసుకుని మరీ అడుగుతారు. ఆ రెండో ప్రశ్న నోటిదాకా వచ్చినప్పుడు మింగేయండి.

నాలుగోది గ్లాసు, గిన్నె, భోజనం. ఇంట్లో పనిచేసే అక్కకి సింకు పక్కన విడిగా స్టీల్ గ్లాసు ఉంటే ఈరోజే దాన్ని మిగతా గ్లాసుల్లో కలిపేయండి, దీనికి ప్రార్థన చేసి నిర్ణయం తీసుకోవాల్సిన పని లేదు. ఇళ్ళకి ప్రార్థనకి వెళ్ళినప్పుడు అపార్ట్‌మెంట్లో బిర్యానీ తిని, షెడ్లో మాత్రం "ఇప్పుడే తిన్నామమ్మా" అనకండి. వాళ్ళు మనకోసం పక్కింట్లోంచి పాలు తెచ్చి టీ పెడతారు, వద్దంటే ఎందుకు వద్దన్నామో వాళ్ళకి అర్థమవుద్ది.

పంచేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకి రోజూ పంచే దాంట్లో సరిగ్గా అందట్లేదని సణుగుడు వచ్చింది. అపొస్తలులు, అంటే సంఘాన్ని నడిపించే యేసు శిష్యులు, ప్రేమ గురించి ప్రసంగం చేసి ఊరుకోలేదు, పంచే పనికి ఏడుగురిని ఏర్పాటు చేయించారు, ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే, అంటే అందనివాళ్ళ వైపువాళ్ళ చేతికే పని ఇచ్చినట్టుంది. నాకు ఇది చాలా నచ్చే సంగతి. మీ సంఘంలో క్రిస్మస్ బట్టలో బియ్యమో పంచే కమిటీ ఉంటే అందులో షెడ్లనుంచి వచ్చేవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడండి, లేకపోతే పెట్టండి, లెక్కలు కూడా వాళ్ళ చేతికివ్వండి.

రెండో వైపు కూడా ఉంది, లేవీయకాండము 19:15 గొప్పవాడనే కాదు, బీదవాడని కూడా పక్షపాతం చూపొద్దంటుంది. ఇద్దరి మధ్య అప్పు గొడవొస్తే పేదవాడిదే న్యాయం అని ముందే అనేసుకోకూడదు, ఇద్దరి మాటా వినాలి. జాలి కూడా ఒక్కోసారి మనిషిని కిందే ఉంచుద్ది, బియ్యం మూట ఇస్తూ ఫొటో తీయడం లాంటిది.

వేరేవాళ్ళు పక్షపాతం చూపిస్తే ఏం చేయాలి అంటే, ముందు పక్కకి పిలిచి చెప్పండి. "దేవుడు పక్షపాతి కాడు" అని యూదుడు కాని కొర్నేలీ ఇంట్లో నోరారా చెప్పింది అపొస్తలుడైన పేతురే, తర్వాత అంతియొకయ పట్టణంలో కొంతమందికి భయపడి అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి తినడం మానేసిందీ పేతురే, ఇంకో అపొస్తలుడు పౌలు అందరి ముందే నిలదీయాల్సొచ్చింది. పేతురే మళ్ళీ జారాడంటే మనం ఒకసారి మారాం కదా అని ధీమాగా ఉండకూడదు.

మీరే తప్పు చేస్తే మాత్రం ఆ మనిషి దగ్గరికే వెళ్ళండి, దేవుడి దగ్గర ఒప్పుకున్నా కదా అని ఆగిపోకండి. నేను వెళ్ళడానికి రెండు వారాలు పట్టింది. "అమ్మా, ఆ రోజు మిమ్మల్ని లేపాను, తప్పు చేశాను, క్షమించండి" అన్నా. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "దాందేముంది నాయినా, నాకు ఎనక ఫ్యాను గాలి బాగా తగుల్తాది" అంది. వెనక వరసల్లో ఫ్యాన్ లేదు. ఆ తర్వాతి ఆదివారం గుమ్మం దగ్గరే ఎదురుచూసి మూడో వరసకి తీసుకెళ్ళా, కూర్చుంది, కానీ కుర్చీ అంచు మీద, ఎవరైనా లేపితే లేవడానికి వీలుగా. ఆవిడ వెనక్కి ఆనుకుని కూర్చోడానికి చాలా ఆదివారాలు పట్టింది.