నీటి పట్టు ఎంత గట్టిదో తుత్తంతో, థర్మామీటర్‌తో చూడటం

వానాకాలంలో ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి వైపు ఏ వంటింట్లో చూసినా ఉప్పు జాడీ చెమరుస్తుంది. అది అచ్చంగా ఉప్పు చేసే పని కాదు. శుద్ధమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతం దాటితే గానీ నీటిని లాగదు. కల్లుప్పులో కొద్దిగా కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. మెగ్నీషియం అయాన్ చిన్నది, దాని మీద రెండు ధనావేశాలు. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొంచెం రుణావేశం ఉంటుంది కాబట్టి ఒక్కో మెగ్నీషియం చుట్టూ ఆరు నీటి అణువులు బిగుసుకుంటాయి. క్లోరైడ్ దగ్గర నీరు హైడ్రోజన్ వైపు తిప్పి నిలుస్తుంది. హైడ్రేషన్ అంటే ఈ పట్టే. పిల్లలకు బొమ్మ గీసి చెబితే సరిపోదు, కళ్లారా చూపాలి.

దానికి మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, మంచిది. ఒడియా అంగట్లో తుతియా అని అడగండి. నీలం పలుకులు 2 గ్రాములు తూయండి. ఇంత చిన్న తూకానికి కిరాణా కాటా పనికిరాదు, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా కావాలి. పొడి చేసి గట్టి గాజు పరీక్షనాళికలో వేసి, నాళిక మూతి కాస్త కిందికి వంగేలా పట్టుకుని సన్నని మంట మీద తిప్పుతూ వేడి చేయండి. మూతి పైకి ఉంటే వెలుపలికి వచ్చిన ఆవిరి చల్లబడి, చుక్కలై వేడి అడుగు మీద పడి గాజు పగులుతుంది. ముందు చిటపటమంటుంది, మూతి దగ్గర చెమ్మ చేరుతుంది, నీలం పాలిపోయి బూడిద కలిసిన తెలుపవుతుంది. ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు ఉన్న ఐదు నీటి అణువుల్లో నాలుగు 110 డిగ్రీల లోపే వదిలిపోతాయి, సల్ఫేట్ పట్టి ఉంచిన ఐదోది వదలడానికి 200 డిగ్రీల దాకా కావాలి. నల్ల మచ్చలు, ఘాటైన పొగ వస్తే మంట మితిమీరిందని అర్థం. వెంటనే ఆపి కిటికీలు తెరవండి.

పూర్తిగా చల్లారాక తూస్తే 1.28 గ్రాములు ఉండాలి. 1.4 వస్తే నీరు ఇంకా మిగిలింది, మళ్లీ వేడి చేయండి. ఇప్పుడు తెల్లపొడి గాజు పళ్లెంలో పరిచి డ్రాపర్‌తో ఒక్క చుక్క వేయండి. చుక్క పడ్డచోటే నీలం మచ్చ విరుస్తుంది, పళ్లెం అడుగు వేలికి వెచ్చగా తగులుతుంది. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు లెక్కన 14 చుక్కలకు పోయిన 0.72 గ్రాములు తిరిగొస్తాయి. అన్ని చుక్కలు పోసినా పొడి తడిగా ఉండదు, నీరంతా స్ఫటికంలోకి చేరిపోతుంది. నాకు ఈ మొత్తం పద్ధతిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. వేడి పొడి మీద మాత్రం నీళ్లు పోయకండి, కళ్ల మీదికి చిమ్ముతుంది. తుత్తం విషం. వంటగిన్నెలు వాడొద్దు, మిగిలింది చెరువులో పోయొద్దు, చేపలు చస్తాయి.

ఇక థర్మామీటర్. స్ఫటికం విడిపోవడానికి వేడి కావాలి, నీరు పట్టుకున్నప్పుడు వేడి వస్తుంది. మనకు కనిపించేది ఆ రెంటి తేడా. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 20 గ్రాముల యూరియా వేసి కలిపితే దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. 10 గ్రాముల ఉప్పుకు ఒకటిన్నర డిగ్రీకి మించి తగ్గదు. 11 గ్రాముల పొడి కాల్షియం క్లోరైడ్‌కు 15 నుంచి 18 డిగ్రీలు పెరుగుతుంది.

వేడి రాలేదా? సంచి తెరిచి ఉంచి ఉంటారు. గాలిలోని తేమ తాగి, ఆరు నీటి అణువులు ముందే కట్టుకున్న కాల్షియం క్లోరైడ్‌కు కొత్తగా పట్టుకోవాల్సిన నీరు తక్కువ, అందుకే అది కరిగేటప్పుడు నీటిని రెండు మూడు డిగ్రీలు చల్లబరుస్తుంది. సీలు ఉన్న ప్యాకెట్ కొనండి, అన్‌హైడ్రస్ (నీరు లేనిది) అని రాసి ఉందో లేదో చూడండి, తెరిచాక బిగుతు మూతగల గాజు సీసాలో పోసి పెట్టండి. పలుకులు చేతికి అంటుకుంటుంటే ఆ సీసా ఇక ఈ ప్రయోగానికి పనికిరాదు.