కన్నంబాడి కట్టకు ఒక్కరోజు: బెంగళూరు నుంచి పదిమంది, ఒక బండి, ఒక గైడు

బెంగళూరులో ఉండే తెలుగింటికి ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తే మైసూరు ప్రయాణం తప్పదు. ప్యాలెస్, చాముండి కొండ, జూ, చివర్లో బృందావన్ గార్డెన్స్ అంటూ అన్నీ ఒకే రోజులో కుక్కేస్తారు. ఆ గార్డెన్ ఉన్న కె.ఆర్.ఎస్. (కృష్ణరాజసాగర్ డ్యాం, కన్నంబాడి కట్ట అన్నా ఇదే) చేరేసరికి చీకటి పడిపోతుంది. రంగుల ఫౌంటెన్ చూసి వెనక్కి తిరుగుతారు. పక్కనే రెండున్నర కిలోమీటర్లకు పైగా పరుచుకున్న రాతికట్ట అసలు కంటికే ఆనదు. మనం ఇంట్లో తాగే కావేరి నీళ్లను నిలబెడుతున్నది ఆ కట్టే. దాన్ని పగటి వెలుగులో, తెలిసినవాళ్లు వివరిస్తుండగా, తొందర లేకుండా చూడాలంటే మైసూరు ఊరిని ఇంకో రోజుకు వదిలేయండి. ఒక్క రోజులో రెండూ కుదరవు.

ముందు నీళ్లు, తర్వాత తేదీ

కె.ఆర్.ఎస్. పూర్తి నీటిమట్టం 124.80 అడుగులు, నిల్వ 49.45 టీఎంసీలు. వానాకాలంలో కన్నడ పత్రికలు, టీవీలు రోజూ ఈ లెక్క ఇస్తాయి. ఒళహరివు అంటే లోపలికి వచ్చే నీరు, హొరహరివు అంటే కిందికి వదిలే నీరు. ఈ రెండు మాటలు తెలిస్తే చాలు, మీ ప్రయాణం ఎలా ఉండబోతుందో ముందే అంచనా కట్టొచ్చు.

లెక్క ఇలా ఉంటుంది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. 11,574 క్యూసెక్కులు 24 గంటలు పారితే ఒక టీఎంసీ. హొరహరివు రెండు మూడు వేల క్యూసెక్కులే ఉంటే కాలువలకు, నదికి మామూలుగా వదిలే నీరు మాత్రమే పోతున్నట్టు. గేట్ల మీంచి నురగలు కక్కుతూ దూకే నీటి కోసం వెళ్తే నిరాశే మిగులుతుంది. యాభై వేలు దాటిందంటే ఆ దృశ్యం దొరుకుతుంది గానీ, కింద రంగనతిట్టు పక్షుల దీవుల మీదికి నీళ్లెక్కి పడవలు ఆపేస్తారు. నది ఒడ్డుకు పోనివ్వరు. రెండూ కావాలంటే ఒకే రోజు దొరకవు.

పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న బృందానికి సెప్టెంబర్ చివరి నుంచి జనవరి దాకా బాగుంటుంది. కావేరి పుట్టే కొడగులో వానలు బాగా పడిన ఏడాదైతే అప్పటికి జలాశయం నిండుగా ఉంటుంది, నది నెమ్మదిస్తుంది. దసరా పది రోజులు, క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా ఉండే సెలవులు మాత్రం వదిలేయండి. వీలైతే మంగళ, బుధవారాలు పెట్టుకోండి. ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణంలో కెంగేరి దగ్గర గంటసేపు ఇరుక్కుపోవడం మామూలే.

ఇంకో సంగతి కూడా ఉంది. వానలు తక్కువ పడిన ఏడాది, ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య, తమిళనాడుకు నీళ్లు వదిలే గొడవ రేగితే మండ్య దగ్గర రోడ్డు ఆగిపోతుంది. 2023 సెప్టెంబర్‌లో ముందు బెంగళూరు, ఆ వారంలోనే రాష్ట్రమంతా బంద్ జరిగాయి. 2022 చివర్లో చిరుత తిరుగుతోందని గార్డెన్‌నే కొన్నాళ్లు మూసేశారు. కాబట్టి బంద్ వచ్చినా, గేటు మూసినా అడ్వాన్స్ తిరిగిస్తారా, వేరే తేదీ ఇస్తారా అన్నది బుక్ చేసేటప్పుడే వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట సరిపోదు.

బండి, మనుషుల లెక్క

పది మందికి మించకండి. గైడు మైకు లేకుండా చెప్పేది పది మందికి వినిపిస్తుంది. పదిహేను మందయితే వెనక నిలబడ్డవాళ్లు ఫోన్లు తీస్తారు. 12 సీట్ల టెంపో ట్రావెలర్‌లో పది మంది, గైడు ఎక్కితే ఒక సీటు మిగిలి సంచులకు పనికొస్తుంది. చివరి వరుస సరిగ్గా వెనక ఇరుసు మీదికి వస్తుంది, గతుకు పడితే ఎగరేస్తుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లను, కడుపులో తిప్పేవాళ్లను మొదటి రెండు వరుసల్లో కూర్చోబెట్టండి. ఈ బండి మెట్టు ఎత్తుగా ఉంటుంది. మోకాళ్లనొప్పుల అత్తయ్యలు, మామయ్యలు ఉంటే ఒక చిన్న ప్లాస్టిక్ పీట వేసుకుని పోండి. రోజు మొత్తంలో ఎనిమిది పదిసార్లు ఎక్కి దిగాలి మరి.

నంబర్ ప్లేటు పసుపుదేనా చూడండి. తెల్ల ప్లేటు బండిని కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది. కిరాయి సాధారణంగా రోజుకు 300 కి.మీ. కనీసం అని కడతారు. మారతహళ్లి నుంచి దారిలో చూసేవన్నీ కలుపుకుని పోనూ రానూ 330, 340 కి.మీ. అవుతుంది. బిల్లు షెడ్డు నుంచి షెడ్డుకు వేస్తారు. షెడ్డు మీ ఇంటికి 15 కి.మీ. దూరంలో ఉంటే అదో 30 కి.మీ. అదనం. దీని మీద డ్రైవర్ బాటా, టోల్, పార్కింగ్ వేరు. గొడవలన్నీ వీటి దగ్గరే వస్తాయి, విడివిడిగా అడిగి రాయించుకోండి. సీటుకు ఇంత అని తీసుకునే ట్రిప్పయితే ప్రవేశ టికెట్లు, పడవ, భోజనం కలిపా కాదా అన్నది అడగండి.

పికప్ మూడు చోట్లకు మించకూడదు. ఒక్కో పికప్‌కు పావుగంట పోతుంది. "ఐదు నిమిషాల్లో వచ్చేస్తున్నామండీ" అనే ఇల్లు ప్రతి బృందంలోనూ ఒకటి ఉంటుంది, వాళ్లను మొదటి పికప్‌లో పెట్టండి, చివర్లో పెట్టకండి. ఇంటి ముందు బండి ఆగి హారన్ కొడితేనే కదులుతారు.

గైడును ఎలా ఎంచుకోవాలి

పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉందా అని అడగండి. కన్నడ, ఇంగ్లిష్, హిందీ ఎలాగూ వస్తాయి. తెలుగులో చెప్పగలరా అన్నది బుక్ చేసేటప్పుడే తేల్చుకోవాలి. డ్రైవర్‌కు తెలుగు వచ్చని గైడుకూ వస్తుందనుకోవద్దు. ఫోన్‌లో ఒకే ఒక ప్రశ్న అడిగి చూడండి: ఈ డ్యాం ఎందుకు కట్టారు? "వ్యవసాయానికి" అని ఊరుకుంటే సగమే తెలిసినట్టు. శివనసముద్రం, కోలార్ బంగారు గనుల ఊసెత్తారంటే ఆ మనిషిని వదులుకోకండి. ఆ కథ కిందికి వస్తుంది.

రోజు ఎలా నడపాలి

మారతహళ్లిలో ఐదుంపావుకు మొదటి పికప్. నైస్ రోడ్డు మీదుగా మైసూరు రోడ్డెక్కి, ఏడింటికల్లా బిడదిలో తట్టె ఇడ్లీ తినాలి. ఎక్స్‌ప్రెస్‌వే రామనగర, చన్నపట్న, మద్దూరు, మండ్య ఊళ్లన్నిటినీ పక్కకు నెట్టేసి పోతుంది. ఒకసారి ఎక్కాక కాఫీ అన్నా, బాత్రూం అన్నా ఎగ్జిట్ తీసుకుని సర్వీస్ రోడ్డులోకి దిగాల్సిందే. పక్కన ఆపి దిగుదాం అంటే డ్రైవర్ ఒప్పుకోకూడదు, మీరూ బలవంతపెట్టకూడదు. అక్కడ వెనక నుంచి వచ్చే బండ్ల వేగానికి ఆగిన బండి కనిపించేలోపే ప్రమాదం జరిగిపోతుంది. షుగర్ మందులు వాడేవాళ్లు బిడదిలోనే అన్నీ ముగించుకోవాలి.

తొమ్మిది దాటగానే రంగనతిట్టు. ఎండ ముదరకముందే పడవెక్కితే ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, బండల మీద ఎండ కాచుకునే మొసళ్లు దగ్గరగా కనిపిస్తాయి. పడవలో లేచి నిలబడకండి, నీళ్లలో చేయి పెట్టకండి. తర్వాత శ్రీరంగపట్నం రంగనాథస్వామి దర్శనం. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, పదకొండుకల్లా లైన్లో ఉండాలి. పన్నెండున్నరకు భోజనం. ఇంటి నుంచి పులిహోర, దద్దోజనం తెచ్చుకుంటే హోటల్లో ఎదురుచూసే ముప్పావుగంట మిగులుతుంది. దారిలో కావేరి మీద ఉన్న బల్మురి, ఎడ్మురి ఆనకట్టల దగ్గర నీళ్లలో దిగుదామని పిల్లలు పేచీ పెడతారు. ఒప్పుకోవద్దు. చూడ్డానికి మోకాల్లోతే అనిపిస్తుంది గానీ అడుగున నాచు, గుంటలు. పైన వదిలే నీరు పెరిగితే మట్టం ఉన్నట్టుండి లేస్తుంది. అక్కడ ప్రాణాలు పోయాయి.

కట్ట దగ్గర

కె.ఆర్.ఎస్.కు రెండు, రెండున్నరకల్లా చేరాలి. కట్ట ఉత్తర దక్షిణాలుగా ఉంది, నీళ్లు పడమటి వైపు, గార్డెన్ తూర్పు వైపు. సాయంత్రం అయ్యేకొద్దీ పొద్దు కట్ట వెనక్కి దిగి, మనకు కనిపించే ముఖమంతా నీడలో పడుతుంది. నాలుగున్నరకు వచ్చినవాళ్ల ఫొటోల్లో కట్ట నల్లటి గీతలా వస్తుంది. కట్ట మీద నడవనిస్తారని ఆశపెట్టుకోవద్దు, భద్రత కోసం సందర్శకులను పైకి వదలరు. డ్రోన్ తీసుకుపోకండి. చూడాల్సింది కింద నుంచే, గార్డెన్‌లో కట్ట అడుగున ఉన్న కావేరమ్మ విగ్రహం వైపు నడుస్తూ.

అక్కడ గైడును పావుగంట ఆపి మూడు విషయాలు చూపించమనండి.

మొదటిది రాళ్ల మధ్య సందులు. ఈ కట్ట రాయి, సున్నం, సుర్కీతో లేచింది. సుర్కీ అంటే కాల్చిన ఇటుకల పొడి. దాన్ని సున్నంలో కలిపితే నీళ్లలో కూడా గట్టిపడుతుంది. 1911లో పని మొదలైనప్పుడు మన దేశంలో సిమెంటు దాదాపు తయారయ్యేదే కాదు, బయటి నుంచి తెప్పించాలంటే ఖర్చు. చేతికందే ఇటుకపొడితో కట్టిన గోడ దాదాపు వందేళ్లుగా కావేరిని ఆపుతోంది.

రెండోది గేట్లు. అవి ఒకే వరుసలో ఉండవు. 80, 103, 106, 114 అడుగుల మట్టాల్లో మెట్లుమెట్లుగా ఉంటాయి. నీరు తగ్గిన రోజుల్లో పైవరుసల దాకా మట్టమే రాదు, కింది గేట్లతోనే పని. వరదొస్తే పైవి తెరుస్తారు. నీటిమట్టం ఒక హద్దు దాటితే మనిషి చేయి పడకుండానే తెరుచుకునే గేట్లు అప్పటి మైసూరు చీఫ్ ఇంజినీరు విశ్వేశ్వరయ్య గారి ఆలోచన. అంతకుముందే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఆయన వాటిని పెట్టారు. ఇక్కడి పాత గేట్లను ఈమధ్య కొత్తవాటితో మార్చారు.

మూడోది, ఎందుకు కట్టారన్నది. 1902లో కావేరి దిగువన ఉన్న శివనసముద్రం జలపాతం దగ్గర కరెంటు తయారీ మొదలై కోలార్ బంగారు గనులకు సరఫరా అయింది. ఆ గనుల్లో మన తెలుగు కూలీలూ వేల మంది చెమటోడ్చారు. ఎండాకాలంలో నది సన్నబడితే కరెంటు తగ్గి గనుల పని దెబ్బతినేది. ఏడాది పొడవునా నీరు ఒకేలా దిగాలంటే పైన నిల్వ కావాలి. మండ్య చెరకు పొలాలకు నీరు కావాలి. రెండూ కలిసి ఈ కట్ట. కింద ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ అభ్యంతరం చెప్పింది, మొదట 80 అడుగులకే ఒప్పుకున్నారు. మైసూరు సంస్థానం మాత్రం పెద్ద కట్టకు సరిపడే పునాదే వేసింది. చివరికి 1924 ఒప్పందంతో దారి తెరుచుకుంది. ఇప్పటి కావేరి గొడవ వేళ్లు ఇక్కడే ఉన్నాయి. ఈ నీరే నదిలో దిగి, తొరెకాడనహళ్లి పంపుహౌస్ నుంచి దాదాపు 100 కి.మీ. పైపుల్లో ఎగదోసుకుని బెంగళూరుకు చేరుతుంది.

ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లకు ఇంకో ముక్క చెప్పించండి. విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులది కంభం, గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం, ఆయన ఇంటిపేరే ఆ ఊరు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆలోచన ఇచ్చిందీ ఆయనే. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు అప్పటిదాకా కట్టను చూసిన చూపు వేరు, ఇది విన్నాక చూసే చూపు వేరు.

ఫౌంటెన్, తిరుగు దారి

సంగీత ఫౌంటెన్ గార్డెన్ ఉత్తర భాగంలో ఉంది. ప్రధాన ద్వారం నుంచి మెట్లు, వంతెన దాటి కిలోమీటరు పైనే నడవాలి. నడవలేని పెద్దవాళ్లను ఐదున్నరకే మెల్లగా బయలుదేరదీయండి. ఆరోజు వేళలు టికెట్ కౌంటర్ దగ్గర అడిగి పెట్టుకోండి, వారాంతాల్లో మారతాయి. ఆట అయిపోగానే జనమంతా ఒకేసారి వంతెన మీదికి వస్తారు, ఆ తోపులాటలో పిల్లలు తప్పిపోతారు. చివరి పాట మొదలవగానే లేవండి. బండి నంబర్ ప్లేటు, పార్కింగ్ స్తంభం ఫొటో అందరి ఫోన్లలోనూ ఉండాలి. చీకట్లో టెంపో ట్రావెలర్లన్నీ ఒకేలా ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యం డ్రైవర్ నిద్ర. షెడ్డులో నాలుగున్నరకు తాళం తిప్పిన మనిషి మిమ్మల్ని దింపేసరికి రాత్రి పదకొండు అవుతుంది. మధ్యాహ్నం భోజనం పెట్టి, మీరు గార్డెన్‌లో ఉన్నంతసేపూ బండిలో పడుకోమనండి. ఆ సమయంలో టీ తెమ్మనో, సంచి ఇవ్వమనో ఫోన్ చేయకండి. తిరుగు దారిలో మద్దూరు ఎగ్జిట్ తీసుకుని ఆపండి, మీకు వేడివేడి మద్దూరు వడ, ఆయనకు టీ, పదిహేను నిమిషాలు కాళ్లు చాచుకునే తీరిక. అక్కడి నుంచి మళ్లీ ఎక్కేటప్పుడు, వెనక అందరూ నిద్రపోయినా ముందు సీట్లో ఒకరు మెలకువగా కూర్చుని ఆయనతో మాట్లాడుతూ ఉండాలి. ఆ ఒకరెవరో పొద్దున బయలుదేరేటప్పుడే అనుకోండి.