కుండీలో పుదీనా మళ్లీ గుబురుగా వచ్చింది: నా అనుభవం

కూకట్‌పల్లిలో మాది పడమటి బాల్కనీ. పచ్చడికీ, మోజిటోకీ పెంచుతున్న పుదీనా ఎండలు ముదిరేసరికి కాడలు సాగి, ఆకులు చిన్నవైపోయాయి. వర్మీకంపోస్ట్, వేపనూనె, రెండు పూటలా నీళ్లు, ఏవీ పనిచేయలేదు.

చివరికి కుండీ బోర్లించి మట్టిగడ్డతో సహా బయటికి తీశాను. వేర్లు అంచు వెంబడి చుట్టలు చుట్టుకుపోయాయి; పోసిన నీళ్లు లోపలికి ఇంకకుండా పక్కనుంచే జారిపోతున్నాయి. నల్లబడిన వేర్లు తీసేసి, మట్టిలో అడ్డంగా పాకే, తెల్లగా గట్టిగా ఉన్న కాడల్ని కణుపులుండేలా వేలెడంత ముక్కలు కోశాను. వెడల్పాటి టబ్బులో ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మీకంపోస్ట్ కలిపి, ముక్కల్ని పడుకోబెట్టి, పైన పలుచగా మట్టి కప్పాను. చిగుళ్లొచ్చేదాకా నీడ, తర్వాత ఉదయపు వెలుతురే. కాడ జానెడు కాగానే కణుపు పైన తుంచాలి, ఇది మాత్రం మానొద్దు. అక్కడినుంచే రెండు కొమ్మలు చీలతాయి.

ఆకుల అడుగున తుప్పు రంగు పొక్కులుంటే అది తెగులు. ఇలా చేస్తే పోకపోవచ్చు. తూర్పు బాల్కనీలో ఇంత నీడ అవసరం పడకపోవచ్చు కూడా.